ఇరాక్ నుంచి సైన్యం వెళ్లిపోయింది సరే, ఆయిల్ మీద పెత్తనం ఎవరిది?

2009 జూన్ 30న బాగ్దాద్‌లో ఒకే రోజు రెండు పనులు జరిగాయి. ఒకటేమో, ఒప్పందం ప్రకారం అమెరికా సైనికులు నగరాలు ఖాళీ చేసి ఊరి బయట బేస్‌లకి వెళ్లిపోయారు, ప్రధాని నూరీ అల్ మాలికీ ఆ రోజుని జాతీయ సార్వభౌమత్వ దినం అని ప్రకటించి దేశమంతా సెలవు ఇచ్చాడు. రెండోది అల్ రషీద్ హోటల్లో జరిగింది, దాన్ని టీవీలో లైవ్ ఇచ్చారు. ప్రపంచంలోని పెద్ద ఆయిల్ కంపెనీల వాళ్లంతా కోట్లేసుకుని వచ్చి కూర్చున్నారు, ఒక్కొక్క ఆయిల్ ఫీల్డ్ పేరు పిలవగానే కవర్లో రేటు రాసి డబ్బాలో వేయడం, వాటిని అందరి ముందే విప్పి చదవడం, అచ్చం మన దగ్గర మార్కెట్ యార్డులో వేలం పాటలా నడిచింది.

దక్షిణాన బస్రా దగ్గర రుమైలా అని ఒక ఫీల్డ్ ఉంది, ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి, అప్పటికే రోజుకి 10 లక్షల బ్యారెళ్లు తీస్తోంది. అమెరికా కంపెనీ ఎక్సాన్ వాళ్లు, ఇప్పుడున్నదానికంటే అదనంగా తీసే ప్రతి బ్యారెల్‌కీ 4.80 డాలర్లు ఇవ్వండి అన్నారు. బ్రిటన్ వాళ్ల బీపీ, చైనా వాళ్ల సీఎన్‌పీసీ కలిసి 3.99 అన్నారు. అప్పుడు ప్రభుత్వం తను ఇవ్వదలచుకున్న రేటు చదివింది, 2 డాలర్లు. హాల్లో చాలామందికి నోట మాట రాలేదు. ఎక్సాన్ కుదరదంది, బీపీ-సీఎన్‌పీసీ మాట్లాడుకుని సరే అన్నాయి. బై హసన్ అనే ఇంకో ఫీల్డ్‌కి కొనాకోఫిలిప్స్ 26.70 డాలర్లు అడిగితే మినిస్ట్రీ 4 డాలర్లే ఇస్తానంది, ఆ బేరం అక్కడే తెగిపోయింది. ఆ రోజు మొత్తం 8 ఫీల్డులు వేలానికి పెడితే కుదిరింది ఒక్క రుమైలానే.

నేను ఈ సీన్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇరాక్ యుద్ధం అనగానే మనకి ఒకటే మాట గుర్తొస్తుంది, అమెరికా ఆయిల్ కోసం వెళ్లింది, ఆయిల్ కొట్టేసింది అని. ఇంకోవైపు వాళ్లేమో సైన్యం వెళ్లిపోయింది కాబట్టి ఆయిల్ ఇరాక్ వాళ్లకి తిరిగొచ్చేసింది అంటారు. రెండూ సగం సగం మాటలే. ఆయిల్ మీద పెత్తనం అనేది ఒకే తాళంచెవి కాదు. భూమి ఎవరిదని రాజ్యాంగం చెప్తుంది అనేది ఒకటి, తీసే కంపెనీతో కాంట్రాక్ట్ ఎలా రాసుకున్నారు అనేది ఒకటి, పైప్‌లైన్, ఓడరేవు ఎవరి చేతిలో ఉన్నాయి అనేది ఒకటి, అమ్మాక వచ్చిన డబ్బు ఏ బ్యాంకులో పడుతుంది అనేది ఇంకొకటి. సైనికులు ట్రక్కులెక్కి వెళ్లిపోతే ఈ నాలుగూ ఒకేసారి మారిపోవు. ఇరాక్‌లో అయితే నాలుగు తాళంచెవులూ నలుగురి చేతుల్లో పడ్డాయి, అసలు చిక్కు అంతా అక్కడే ఉంది.

దీనికి ముందు పాత కథ కొంచెం తెలియాలి, ఎందుకంటే విదేశీ పాలన పోయాక కూడా ఆయిల్ విదేశీ చేతుల్లోనే ఉండిపోవడం ఇరాక్‌కి కొత్త కాదు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇరాక్ బ్రిటన్ చేతికి వచ్చింది. 1925లో టర్కిష్ పెట్రోలియం కంపెనీకి 75 ఏళ్ల లెక్కన ఆయిల్ హక్కులు రాయించుకున్నారు, 1927 అక్టోబర్‌లో కిర్కుక్ దగ్గర బాబా గుర్గుర్‌లో ఆయిల్ భూమిలోంచి ఎగజిమ్మింది, 1929లో ఆ కంపెనీ పేరు ఇరాక్ పెట్రోలియం కంపెనీ అయింది. పేరులో ఇరాక్ ఉంది గానీ అందులో ఇరాక్‌కి ఒక్క వాటా కూడా లేదు. ఇప్పటి బీపీ, షెల్, టోటల్ కంపెనీల పూర్వీకులకీ, అమెరికన్ కంపెనీల గ్రూపుకీ తలా 23.75 శాతం, మిగిలిన 5 శాతం ఈ బేరం కుదిర్చిన కాలూస్ట్ గుల్బెంకియన్ అనే ఆయనకి. మధ్యవర్తికి 5 శాతం దక్కింది, భూమి గల దేశానికి టన్నుకి నాలుగు బంగారు షిల్లింగుల రాయల్టీ, అంతే. 1932లో ఇరాక్‌కి స్వాతంత్ర్యం వచ్చింది, జెండా ఎగిరింది, నానాజాతి సమితిలో సభ్యత్వం వచ్చింది. ఆ ఆయిల్ కాంట్రాక్ట్ మాత్రం కదల్లేదు, బ్రిటిష్ వైమానిక స్థావరాలు కూడా అక్కడే ఉన్నాయి.

ఇక్కడ కాంట్రాక్టుల సంగతి మన పొలం భాషలో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. పొలం ఇంకొకళ్ల చేతికి ఇవ్వడానికి మనకి తెలిసినవి మూడు పద్ధతులు. కౌలుకి ఇస్తే పంట మొత్తం కౌలుదారుది, నీకు ముందు అనుకున్న కౌలు వస్తుంది, ఏం వేయాలి ఎంత వేయాలి అన్నది కూడా అతని ఇష్టమే. కోరుకి ఇస్తే (తెలంగాణలో పాలుకి అంటారు) ఖర్చులు పోగా పంటలో చెరో వాటా. కూలి పెట్టుకుంటే పంట అంతా నీదే, కూలి డబ్బులు ఇచ్చేస్తే సరిపోతుంది, కానీ ఖర్చు, రేటు పడిపోయే భయం అన్నీ నీ నెత్తినే. 1925 కాంట్రాక్ట్ కౌలు లాంటిది, అది కూడా 75 ఏళ్ల కౌలు. 1952లో లాభాలు సగం సగం అని మార్చుకున్నారు, అయినా ఎంత తీయాలి, ఎప్పుడు తీయాలి, ఎంతకి అమ్మాలి అన్నది కంపెనీలే నిర్ణయించేవి. ఇరాక్‌లో ఎక్కువ తీస్తే తమ వేరే దేశాల ఆయిల్‌కి రేటు తగ్గుతుందని తీయకుండా పాతిపెట్టి ఉంచేవాళ్లని ఇరాకీలకి ఎప్పట్నుంచో కోపం.

1958లో రాజరికం కూలింది, అబ్దుల్ కరీం ఖాసిం అనే సైనికాధికారి అధికారంలోకి వచ్చాడు. 1960 సెప్టెంబర్‌లో ఆయిల్ అమ్మే దేశాల సంఘం ఒపెక్ పుట్టింది బాగ్దాద్‌లోనే. 1961 డిసెంబర్‌లో ఖాసిం 80వ నంబర్ చట్టంతో, కంపెనీ వాడుకోకుండా పెట్టుకున్న భూమి, అంటే ఇచ్చిన ఏరియాలో 99.5 శాతం, వెనక్కి తీసేసుకున్నాడు. అప్పటికే ఆయిల్ తీస్తున్న ముక్కలు మాత్రం కంపెనీకే ఉండిపోయాయి. చివరికి 1972 జూన్ 1న ఇరాక్ పెట్రోలియం కంపెనీని జాతీయం చేశారు, 1975కల్లా బస్రాలో ఉన్న దాని అనుబంధ కంపెనీది కూడా అయిపోయింది. అంటే 1932లో స్వాతంత్ర్యం వస్తే ఆయిల్ చేతికి రావడానికి నలభై ఏళ్లకి పైగా పట్టింది. తర్వాత 1973లో రేట్లు పెరిగి డబ్బు వరదలా వచ్చింది, స్కూళ్లు, ఆసుపత్రులు, రోడ్లు కట్టారు, ఆ డబ్బుతోనే నియంత సద్దాం హుస్సేన్ ఇరాన్‌తో ఎనిమిదేళ్ల యుద్ధం, ఆ తర్వాత కువైట్ మీద దండయాత్ర చేసి మొత్తం బూడిద చేశాడు, అది వేరే కథ.

ఇక 2003కి వద్దాం. అమెరికా దాడి చేసి సద్దాంని దించేసి, బాగ్దాద్ పడిపోయిన రోజుల్లో నేషనల్ మ్యూజియంలో వేల ఏళ్ల నాటి వస్తువులు దోచుకుపోతుంటే ఆపేవాళ్లు లేరు, ఆయిల్ మినిస్ట్రీ బిల్డింగ్ దగ్గర మాత్రం అమెరికా సైనికుల కాపలా ఉంది. ఇరాకీల మనసులో ఆ బొమ్మ అలాగే ముద్ర పడిపోయింది, దాన్ని ఇప్పటికీ ఎవరూ చెరపలేకపోయారు. మే నెలలో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1483 తీర్మానం చేసింది, దాని ప్రకారం ఇరాక్ ఆయిల్ అమ్మిన డబ్బు అంతా ఇరాక్ అభివృద్ధి నిధి అనే ఖాతాలో పడాలి, అందులోంచి 5 శాతం కువైట్ యుద్ధ నష్టపరిహారానికి పోవాలి. ఆ ఖాతా ఎక్కడ పెట్టారంటే న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

2005లో రాజ్యాంగం రాసుకున్నారు. 111వ ఆర్టికల్ చాలా అందంగా ఉంటుంది, ఆయిల్, గ్యాస్ అన్ని ప్రాంతాల్లో, అన్ని రాష్ట్రాల్లో ఉన్న ఇరాక్ ప్రజలందరి సొత్తు అని. దాని కిందే 112వ ఆర్టికల్, ఇప్పుడున్న ఫీల్డుల్లోంచి తీసే ఆయిల్‌ని కేంద్ర ప్రభుత్వం, ఆయా రాష్ట్రాలు, ప్రాంతీయ ప్రభుత్వాలతో కలిసి నిర్వహిస్తుంది అంటుంది. ఇప్పుడున్నవి సరే, రేపు కొత్తగా దొరికేవి? రాయలేదు. ఉత్తరాన సొంత ప్రాంతీయ ప్రభుత్వం ఉన్న కుర్దులేమో రాయలేదు కాబట్టి కొత్తవి మావే అన్నారు, బాగ్దాదేమో ప్రజలందరి సొత్తు అన్నప్పుడు కొత్తా పాతా ఏంటి అంది. ఒక్క మాట తేల్చకుండా వదిలేసినందుకు ఇరవై ఏళ్ల గొడవ. దాన్ని తేల్చడానికని ఒక ఆయిల్ చట్టం ముసాయిదా తయారు చేసి 2007 ఫిబ్రవరిలో కేబినెట్ ఓకే చేసింది. అమెరికా దాని కోసం గట్టిగా ఒత్తిడి పెట్టింది, అందుకే ఇరాక్ ఆయిల్ కార్మిక సంఘాలు, చాలామంది నిపుణులు ఇది విదేశీ కంపెనీలకి తలుపులు తీయడానికే అని అడ్డం తిరిగారు, పార్లమెంట్ పాస్ చేయలేదు. అదే ఏడాది ఆగస్టులో కుర్దిస్తాన్ మాత్రం తన సొంత ఆయిల్ చట్టం చేసేసుకుంది.

ఇప్పుడు మళ్లీ ఆ వేలం హాల్లోకి వెళ్దాం. అప్పటి ఆయిల్ మంత్రి హుస్సేన్ అల్ షహ్రిస్తానీ, అణు శాస్త్రవేత్త, సద్దాంకి బాంబు చేసి పెట్టను అన్నందుకు పదేళ్లకి పైగా జైల్లో ఉన్న మనిషి. ఆయన పెట్టింది కూలి పద్ధతి. ఆయిల్ మాది, మీరు తీసి పెట్టండి, ఖర్చు తిరిగిచ్చేస్తాం, మీద బ్యారెల్‌కి ఇంత ఫీజు ఇస్తాం, అంతే. రుమైలాలో ఆ 2 డాలర్లు ఎలా కరిగిపోతాయో చూడండి, అందులో 25 శాతం ఇరాక్ ప్రభుత్వ కంపెనీ వాటా కింద పోతుంది, మిగిలింది డాలరున్నర, దాని మీద 35 శాతం ట్యాక్స్, అంటే విదేశీ కంపెనీలకి మిగిలేది బ్యారెల్‌కి డాలర్ కంటే కాస్త తక్కువే. ఆయిల్ రేటు 100 డాలర్లున్నా వాళ్లకి అంతే. 2009 డిసెంబర్‌లో రెండో వేలం జరిగితే అందులో రేట్లు ఇంకా పడిపోయాయి, వెస్ట్ ఖుర్నా 2 ఫీల్డ్‌ని రష్యా లూకోయిల్, నార్వే స్టాటాయిల్ 1.15 డాలర్లకి తీసుకున్నాయి, మజ్నూన్‌ని షెల్, మలేషియా పెట్రోనాస్ 1.39కి. ఆ రౌండ్‌లో ఒక్క అమెరికన్ కంపెనీ కూడా గెలవలేదు. మొదటి రౌండ్‌లో కుదరని ఫీల్డుల మీద తర్వాత జరిగిన చర్చల్లో వెస్ట్ ఖుర్నా 1 ఎక్సాన్-షెల్‌కి 1.90 డాలర్లకి దక్కింది, జుబైర్‌లో ఇటలీ ఎనీ పక్కన ఆక్సిడెంటల్‌కి ఒక వాటా దక్కింది, అమెరికా కంపెనీలకి వచ్చింది దాదాపు అంతే. దేశంలో లక్ష మందికి పైగా అమెరికా సైనికులు ఉండగానే ఇది జరిగింది మరి.

నాకు షహ్రిస్తానీ చేసిన పని మీద గౌరవం ఉంది. యుద్ధంలో చితికిపోయిన దేశం, కరెంటు లేదు, పక్కనే విదేశీ సైన్యం, అలాంటప్పుడు అంత పెద్ద కంపెనీల ముందు కూర్చుని 2 డాలర్లకి ఒక్క పైసా ఎక్కువ ఇవ్వను అనడానికి గుండె కావాలి. కానీ కూలి పద్ధతిలో ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. రేటు పెరిగితే లాభం అంతా దేశానిదే అయినట్టు, రేటు పడితే దెబ్బ కూడా మొత్తం దేశానిదే. 2014 జూన్‌లో బ్యారెల్ 110 డాలర్లు దాటి ఉంది, 2016 జనవరికి 30 కిందకి పడిపోయింది. కంపెనీల ఖర్చు, ఫీజు మాత్రం అలాగే ఉన్నాయి, వాటిని ఆయిల్ రూపంలోనే కట్టాలి, 100 డాలర్లప్పుడు ఒక బ్యారెల్‌తో తీరే బాకీకి ఇప్పుడు మూడు బ్యారెళ్లు పోయాలి. అదే టైంలో ఐసిస్ ఉగ్రవాదులతో యుద్ధం. వచ్చే ఏడాది ఖర్చు తగ్గించుకోండి అని ఇరాక్ ప్రభుత్వమే కంపెనీలకి ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. ఖర్చు పెంచినా కంపెనీకి పోయేదేమీ లేదు, తిరిగొచ్చేస్తుంది కాబట్టి పొదుపు చేయాలన్న తొందర వాళ్లకెందుకుంటుంది? తర్వాత్తర్వాత ఇరాక్ కూడా మెల్లగా కూలి నుంచి వాటా పద్ధతి వైపు జరిగింది, 2018 నుంచి వచ్చిన కాంట్రాక్టుల్లో లాభంలో వాటా పెట్టారు.

అంత తక్కువ కూలికి ఎవరు నిలబడతారు? ఓపికున్నవాళ్లు. అందుకే చైనా. 2008లోనే అల్ అహ్‌దాబ్ ఫీల్డ్‌తో సీఎన్‌పీసీ లోపలికొచ్చింది, తర్వాత రుమైలా, హల్ఫాయా, వాళ్లకి కావాల్సింది షేర్‌హోల్డర్లకి చూపించే లాభం కంటే నమ్మకంగా వచ్చే ఆయిల్. ఎక్సాన్ మెల్లమెల్లగా వెస్ట్ ఖుర్నా 1 వాటాలు అమ్ముకుంటూ పోయి 2024 జనవరిలో పూర్తిగా సీఎన్‌పీసీకే చెందిన పెట్రోచైనా చేతికి అప్పజెప్పి వెళ్లిపోయింది. 2024 మేలో జరిగిన వేలాల్లో కూడా ఎక్కువ బ్లాకులు (ఆయిల్ కోసం గీసిచ్చిన భూభాగాలు) చైనా కంపెనీలకే వెళ్లాయి. కాబట్టి బావుల దగ్గర చూస్తే అమెరికా పెత్తనం కనబడదు.

మరి కుర్దిస్తాన్? అది ఉత్తరాన స్వయంప్రతిపత్తి ఉన్న ప్రాంతం, రాజధాని ఎర్బిల్. వాళ్లు బాగ్దాద్‌కి పూర్తి రివర్స్‌లో వెళ్లారు, కోరు పద్ధతి, వచ్చినదాంట్లో వాటా ఇస్తాం రండి అన్నారు. మొదట చిన్న కంపెనీలు వచ్చాయి, మన రిలయన్స్ కూడా రోవీ, సర్తా అనే రెండు బ్లాకులు తీసుకుంది, బాగ్దాద్‌కి కోపం వచ్చింది, 2012లో రిలయన్స్ తన వాటా షెవ్రాన్‌కి అమ్మేసి బయటపడింది. అసలు పెద్ద దెబ్బ 2011 అక్టోబర్‌లో తగిలింది, ఎక్సాన్ ఎర్బిల్‌తో ఆరు బ్లాకులకి సంతకం పెట్టింది, అందులో కొన్ని బాగ్దాద్, ఎర్బిల్ రెండూ మాదంటే మాదనే భూమిలో ఉన్నాయి. సైన్యం చివరి కాన్వాయ్ కువైట్ బోర్డర్ దాటింది 2011 డిసెంబర్ 18న. అంటే రెండు నెలల ముందే ప్రపంచంలోని అతి పెద్ద ఆయిల్ కంపెనీ ఒకటి ఇరాక్ కేంద్ర ప్రభుత్వం మాట పక్కన పెట్టి పక్కింటి వాళ్లతో బేరం కుదుర్చుకుంది. సైన్యం వెళ్లాక ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్నకి కంపెనీలు తమ జవాబు తాము రాసేసుకున్నాయి. బ్లాక్‌లిస్ట్ చేస్తాం అని బాగ్దాద్ ఎంత అరిచినా షెవ్రాన్, టోటల్ కూడా వెనకే వెళ్లాయి.

కానీ కుర్దిస్తాన్‌కి సముద్రం లేదు. ఆయిల్ ఉంటే సరిపోదు, బయటికి వెళ్లే దారి కావాలి, ఆ దారి టర్కీలోని జెహాన్ రేవుకి పోయే పైప్‌లైన్. 2014 మొదట్లో బాగ్దాద్ కుర్దులకి ఇవ్వాల్సిన 17 శాతం బడ్జెట్ వాటా ఆపేసింది, ఎర్బిల్ సొంతంగా టర్కీ మీదుగా ఎగుమతి మొదలుపెట్టింది, జూన్‌లో మోసుల్ ఐసిస్ చేతిలో పడిపోయి ఇరాక్ సైన్యం పారిపోతే కుర్దిష్ పెష్‌మెర్గా దళాలు కిర్కుక్ ఫీల్డులు పట్టుకున్నాయి. మూడేళ్లు అక్కడి ఆయిల్ వాళ్లే అమ్మారు. 2017 సెప్టెంబర్ 25న స్వతంత్ర దేశం కావాలా అని ఓటింగ్ పెట్టారు, సరిగ్గా మూడు వారాలకి అక్టోబర్ 16న బాగ్దాద్ దళాలు కిర్కుక్ తిరిగి తీసేసుకున్నాయి. ఇక ఆ తర్వాత తుపాకుల పని అయిపోయి కాగితాల యుద్ధం మొదలైంది. 2022 ఫిబ్రవరిలో ఇరాక్ సుప్రీంకోర్టు కుర్దిస్తాన్ ఆయిల్ చట్టమే చెల్లదు అంది. 2023 మార్చిలో పారిస్‌లోని మధ్యవర్తిత్వ కోర్టు, బాగ్దాద్ అనుమతి లేకుండా ఆ ఆయిల్ ఎక్కించుకున్నందుకు టర్కీ సుమారు 150 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది, టర్కీ వెంటనే కుళాయి కట్టేసింది. రెండున్నరేళ్లు పైప్‌లైన్ ఎండిపోయింది, ఎర్బిల్‌లో టీచర్లకి, ఉద్యోగులకి జీతాలు నెలల తరబడి ఆగాయి, చివరికి అమ్మే పని బాగ్దాద్ మార్కెటింగ్ కంపెనీ సోమో చేతికి ఇస్తాం అని ఒప్పుకున్నాక 2025 సెప్టెంబర్ 27న మళ్లీ ఆయిల్ కదిలింది.

ఇప్పుడు న్యూయార్క్ ఖాతా సంగతి. నన్నడిగితే అన్నిటికంటే బలమైన తాళంచెవి ఇదే, దీని గురించే మన పేపర్లలో తక్కువ రాస్తారు.

2003-04లో అమెరికా పాలనలో ఆ ఖాతాలోంచి దాదాపు 1,200 కోట్ల డాలర్ల నోట్లు విమానాల్లో బాగ్దాద్‌కి పంపారు, వంద డాలర్ల నోట్ల కట్టలు చెక్క పలకల మీద పేర్చి, మొత్తం బరువు 363 టన్నులు. అందులో చాలా డబ్బుకి సరైన లెక్కలు లేవని అమెరికా ఆడిటర్లే తేల్చారు. అది ఇరాక్ ఆయిల్ డబ్బు, గుర్తుంచుకోండి. 2011 జూన్ 30తో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు ముగిసింది, చట్టప్రకారం ఇరాక్ తన డబ్బు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కానీ అప్పులవాళ్లు, పాత కేసులవాళ్లు ఆ డబ్బు మీద కోర్టు జప్తు వేయకుండా అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి అప్పట్లో గొడుగులా ఉండేది, 13303 నంబర్ ఉత్తర్వు, ఆ గొడుగు కింద ఉండాలంటే డబ్బు అక్కడే ఉండటం మేలని ఇరాక్ కూడా అనుకుంది, 2014లో ఆ రక్షణ తీసేశారు. అయినా ఇరాక్ కేంద్ర బ్యాంకు పేరు మీద ఖాతా అక్కడే కొనసాగింది. ఇప్పటికీ ఇరాక్ ఆయిల్ డాలర్లు ముందు న్యూయార్క్‌లో పడి, అక్కడ ఓకే అన్నాకే బాగ్దాద్‌కి వస్తాయి, నోట్లు కావాలంటే విమానంలో పెట్టెలు రావాలి.

దాని బలం ఎంతో 2020 జనవరిలో బయటపడింది. జనవరి 3న బాగ్దాద్ ఎయిర్‌పోర్టు దగ్గర అమెరికా డ్రోన్ దాడిలో ఇరాన్ జనరల్ ఖాసిం సులేమానీ చనిపోయాడు, 5న ఇరాక్ పార్లమెంట్ విదేశీ సైన్యాలు వెళ్లిపోవాలని ఓటు వేసింది. ట్రంప్ బహిరంగంగానే కనీవినీ ఎరగని ఆంక్షలు పెడతానన్నాడు, అంతకంటే మెల్లగా ఇంకో కబురు వెళ్లింది, సైన్యాన్ని పంపించేస్తే న్యూయార్క్ ఖాతా అందుబాటులో ఉండకపోవచ్చు అని. బడ్జెట్‌లో 90 శాతం దాకా ఆయిల్ డబ్బే ఉన్న దేశానికి, 40 లక్షల మందికి పైగా ప్రభుత్వ జీతగాళ్లున్న దేశానికి ఆ మాటకి అర్థం ఏంటి? నెల తిరిగేసరికి జీతాలుండవని. సైన్యం వెళ్లలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పార్లమెంట్ చెప్పినా ఖాతా ఒప్పుకోలేదు. 2023లో డాలర్లు ఇరాన్‌కి దాటిపోతున్నాయని అమెరికా 14 ఇరాకీ బ్యాంకులకి డాలర్ల వ్యాపారం బంద్ చేస్తే బజార్లో దినార్ రేటు ఊగిపోయింది. అమెరికా అనుమానంలో నిజం లేదని నేననను, డాలర్లు నిజంగానే దొంగ బిల్లులతో బయటికి పోతున్నాయి. కానీ ఒక దేశం తన సొంత ఆయిల్ అమ్ముకున్న డబ్బుకి ఇంకో దేశపు సంతకం కావాల్సి రావడాన్ని స్వాతంత్ర్యం అనాలా? నేను అనలేను.

2025 అక్టోబర్‌లో లూకోయిల్ మీద అమెరికా ఆంక్షలు పెట్టినప్పుడు కూడా ఇదే కనబడింది, ఆంక్షలు పెట్టింది ఉక్రెయిన్ యుద్ధం కోసం రష్యా మీద, చిక్కు వచ్చింది బస్రా ఎడారిలో వెస్ట్ ఖుర్నా 2 దగ్గర, ఆ కంపెనీకి చెల్లింపులు ఆగిపోయాయి. ఒక్క సైనికుడు కూడా కదలక్కర్లేదు.

బయటి వాళ్ల గురించే ఇంతసేపు చెప్పాను, లోపలి వాళ్లని వదిలేస్తే అన్యాయం అవుతుంది. 2003 తర్వాత మంత్రిత్వ శాఖలని షియా, సున్నీ, కుర్దు పార్టీలు వాటాలుగా పంచుకునే పద్ధతి పెట్టారు, అరబిక్‌లో ముహాససా అంటారు. ఏ శాఖ ఎవరికి వస్తే ఆ ఉద్యోగాలు, కాంట్రాక్టులు వాళ్ల మనుషులకే. గాదె కింద పందికొక్కులు పడ్డట్టే. పైప్‌లైన్లకి కన్నాలు పెట్టి దొంగ ఆయిల్ అమ్మే ముఠాలకి సాయుధ గ్రూపుల అండ ఉంది. 2019 అక్టోబర్‌లో బాగ్దాద్ తహ్రీర్ స్క్వేర్‌లో కుర్రాళ్లు నెలల తరబడి కూర్చుని మాకు మా దేశం కావాలి అన్నది అమెరికా, ఇరాన్, సొంత పార్టీలు అందర్నీ కలిపే, వాళ్లలో వందల మందిని కాల్చి చంపారు.

నాకు అన్నిటికంటే బాధనిపించేది బస్రా. ఇరాక్ మొత్తం నిల్వలు 14,500 కోట్ల బ్యారెళ్లు అంటారు, అందులో ఎక్కువ భాగం ఆ జిల్లా చుట్టూనే ఉంది, దేశపు ఎగుమతి దాదాపు అంతా అక్కడి సముద్రంలో కట్టిన టెర్మినల్స్ నుంచే పోతుంది, ఇరాక్‌కి ఉన్న సముద్రతీరం అరవై కిలోమీటర్లు కూడా ఉండదు, ఆ ఇరుకు సందులోంచే దేశం బతుకుతోంది. అలాంటి ఊళ్లో 2018 ఎండాకాలం కుళాయి నీళ్లు తాగి కనీసం 1,18,000 మంది ఆసుపత్రి పాలయ్యారు. షత్ అల్ అరబ్ నదిలో పైనుంచి నీళ్లు తగ్గి సముద్రపు ఉప్పు పైకెక్కింది, మురుగు కలిసింది. కరెంటు లేదు, 50 డిగ్రీల ఎండ. జనం రోడ్డెక్కి ప్రభుత్వ ఆఫీసులు తగలబెట్టారు.

జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్ వైపు నుంచి ఇరాక్ పనికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు, బస్రా దగ్గర క్యాంపులో వంట చేసి వచ్చిన ఒకాయన్ని అడిగితే ఆయిల్ గురించి ఏం చెప్పలేదు, మంట గురించి చెప్పాడు. రాత్రి పూట లైటు వేయకుండానే ఎదుటి మనిషి మొహం కనబడేదట, ఆకాశం అంతా ఎర్రగా, పొద్దున్నే ఆరేసిన బట్టల మీద నల్లటి మసి. ఆయిల్‌తో పాటు పైకొచ్చే గ్యాస్‌ని పట్టుకునే ప్లాంట్లు లేక గొట్టం పెట్టి కాల్చేస్తారు, ఏళ్ల తరబడి అంతే. ఇక్కడ గ్యాస్ తగలబెడుతూ కరెంటు కోసం ఇరాన్ నుంచి గ్యాస్ కొన్నారు, దానికి అమెరికా దగ్గర ఆంక్షల మినహాయింపు అడుక్కున్నారు. 2023 జూలైలో టోటల్ ఎనర్జీస్‌తో 2,700 కోట్ల డాలర్ల ఒప్పందం ఖాయమైంది, ఆ గ్యాస్ పట్టడం, సముద్రపు నీళ్లు శుద్ధి చేసి బావుల్లోకి కొట్టడం, సోలార్ ప్లాంట్ అన్నీ కలిపి, అందులో టోటల్‌కి 45 శాతం, బస్రా ఆయిల్ కంపెనీకి 30, ఖతార్‌కి 25. ఇది నిజంగా పూర్తయితే మంచి పనే, నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నా.

మనకి దీంతో సంబంధం ఏంటి అంటే, ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా ఆయిల్ చవగ్గా వచ్చేదాకా కొన్నేళ్ల పాటు మన దేశానికి ఎక్కువ ఆయిల్ అమ్మింది ఇరాకే, విశాఖ రిఫైనరీలో కూడా బస్రా క్రూడ్ శుద్ధి చేస్తారు. ఒక ట్యాంకర్ దారి ఊహించుకోండి. రుమైలాలో బీపీ, చైనా వాళ్లు తీసిన ఆయిల్, సోమో అమ్మింది, బస్రా టెర్మినల్‌లో ఓడకెక్కి హోర్ముజ్ జలసంధి దాటి విశాఖకి వస్తుంది. డబ్బు ఆ దారిన పోదు, న్యూయార్క్‌కి పోతుంది.

2011లో వెళ్లిన అమెరికా సైన్యం ఐసిస్ పేరుతో 2014లో మళ్లీ వచ్చింది, 2,500 మంది దాకా ఉండిపోయారు, 2024 సెప్టెంబర్‌లో ఇంకో ఒప్పందం ప్రకటించారు, రెండు విడతల్లో 2026 సెప్టెంబర్‌కల్లా సంకీర్ణ సేనల పని ముగించాలని. మళ్లీ కాన్వాయ్‌లు, మళ్లీ జెండాలు, మళ్లీ టీవీలో చర్చలు ఉంటాయి. అవి చూస్తున్నప్పుడు నేనైతే రెండు వేరే వార్తల కోసం వెతుకుతాను. ఒకటి ఆ న్యూయార్క్ ఖాతా సంగతిలో ఏమైనా మార్పు వచ్చిందా అన్నది. రెండోది కొత్త ఫీల్డులు ఎవరివో తేల్చాల్సిన ఆ ఆయిల్ చట్టం, 2007 ఫిబ్రవరిలో కేబినెట్ ఓకే చేసింది, ప్రతి కొత్త ప్రభుత్వం వచ్చినప్పుడల్లా ఈసారి పాస్ చేస్తాం అంటుంది.